దాదీ దాక్కున్న కబోర్డు

మార్కాపురంలో ఖాలిద్ వాళ్ళ ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఖాలిద్ కూతురు సైమాకు ఎనిమిదేళ్ళు. తన గది గోడ మీద పిడికిలి బిగించి ఎగిరే సూపర్‌హీరో బొమ్మ కావాలని పట్టుబట్టింది. అదే గదిలో పడుకునే నాయనమ్మ సుగ్రాకు గోడలన్నీ లేత పిస్తా రంగులో ఉండాలి. ఇద్దరూ అలిగారు, మాటలు మానేశారు, చివరికి రాజీకి వచ్చారు. మూడు గోడలు దాదీవి, ఒక గోడ సైమాది.

ఆ మధ్యాహ్నం కోడలు రిజ్వానా పరదా గుడ్డలు చూడడానికి బజారుకు వెళ్ళింది. ఖాలిద్ గిద్దలూరులో తన దుకాణం దగ్గర ఉన్నాడు. పెయింటర్ ఆశీర్వాదం టీ తాగడానికి వీధి చివరికి పోయాడు. ఇంట్లో నాయనమ్మ, మనవరాలు మిగిలారు.

"దాదీ, దాగుడుమూతలు ఆడదామా? నేనే దొంగ" అంది సైమా.

సుగ్రాకు ఆటంటే ఎప్పుడూ సరదానే. ఆయాసం మనిషి అయినా, మోకాళ్ళు పట్టేసినా, మనవరాలు పిలిస్తే కాదనదు. కాకపోతే ఎక్కడ దాక్కున్నా పిల్ల ఇట్టే పట్టేస్తుంది. పరదా వెనక దాక్కుంటే కాళ్ళు కనిపిస్తాయి, తలుపు వెనక నిలబడితే దగ్గు ఆగదు. ఈసారి పరదాలు కూడా లేవు. సైమా హాల్లో గోడకు మొహం ఆనించి అంకెలు మొదలుపెట్టింది. సుగ్రా చప్పుడు కాకుండా తమ గదిలోకి నడిచింది. వడ్రంగి మస్తానయ్య మొన్ననే బిగించి పోయిన కొత్త కబోర్డు అక్కడ ఖాళీగా ఉంది. కింది భాగంలో అరలు లేవు, పరుపులు పెట్టుకోవడానికి వదిలేశారు. సుగ్రా వంగి, లోపల చతికిలబడి, రెండు తలుపులూ లాక్కుంది. అవి టక్కున అతుక్కున్నాయి.

చీకటి. పాలిష్ వాసన ముక్కులో గుచ్చుకుంది. సుగ్రా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఈ పూట మాత్రం పిల్లకు దొరకకూడదు అనుకుంది.

"దాదీ! వస్తున్నా!" అని అరుస్తూ సైమా ఇల్లంతా తిరిగింది. గదిలోకి వచ్చి మంచం కింద చూసింది. కబోర్డు వైపు రాలేదు. కొత్త పాలిష్ మీద చేతులు పడితే మచ్చలవుతాయని తల్లి గట్టిగా చెప్పి ఉండడం వల్ల కాబోలు. వంటింట్లో గిన్నెలు కదిలాయి. పెరటి తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

కాసేపటికి గదిలో మళ్ళీ అడుగులు వినిపించాయి. సుగ్రా ఊపిరి బిగబట్టింది. సైమాయే వచ్చిందనుకుంది.

కానీ ఏదో బరువైనది నేల మీద గీరుకుంటూ దగ్గరికి వచ్చింది. కబోర్డు తలుపులకు ధన్‌మని తగిలింది. ఆ తర్వాత దాని మీద ఇంకేదో పడింది. ఆ పైన ఇంకోటి. తలుపుల సందులో సన్నగా వస్తున్న వెలుతురు కూడా పోయింది.

ఆశీర్వాదం తిరిగి వచ్చి సైమా గోడకు రంగు వేయడానికి చోటు చేసుకుంటున్నాడు. ఇనుప మంచాన్ని కబోర్డు వైపుకు జరిపి, దాని మీద పరుపులు, కుట్టుమిషను, రంగు డబ్బాలు పేర్చాడు. గదిలో ఎవరూ లేరనే అతను అనుకున్నాడు.

"ఎవరు? ఆశీర్వాదం! నాయనా, నేను లోపల ఉండా!" అని పిలిచింది సుగ్రా. తలుపు మీద అరచేత్తో కొట్టింది. అవతల పరుపులు ఒత్తుకుని ఉండడంతో ఆ దెబ్బ మెత్తగా, ఏమీ లేనట్టు వినిపించింది. ఆశీర్వాదం చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేస్తాడన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"పాపా, అన్నం తినేసి వస్తా. అమ్మ వస్తే చెప్పు" అన్న అతని గొంతు హాల్లోంచి వినిపించింది. గేటు చప్పుడైంది.

సుగ్రా రెండు చేతులతో తలుపులు నెట్టింది. వెన్ను వెనక చెక్కకు ఆనించి మోకాళ్ళతో నెట్టింది. వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

"సైమా! బేటీ!"

సరిగ్గా అప్పుడే హాల్లో టీవీ మోగింది. వెతికి వెతికి విసిగిపోయిన పిల్ల సినిమా పెట్టుకుంది. అంతరిక్షం నుంచి వచ్చిన రాక్షసులతో ఒక ఆడ సూపర్‌హీరో పోరాడే ఇంగ్లీషు సినిమా, తెలుగు మాటలతో. ఇప్పటికి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ సౌండ్ పూర్తిగా పెంచుతుంది. భవనాలు కూలుతున్నాయి, రాక్షసులు గర్జిస్తున్నారు, హీరో గోడలు బద్దలు కొడుతోంది. సుగ్రా తలుపు మీద కొట్టిన ప్రతి దెబ్బా ఆ దెబ్బల్లో కలిసిపోయింది.

ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ వాసనకు గొంతు మూసుకుపోతోంది. ఇన్‌హేలర్ హాల్లో కిటికీ మీద ఉంది. అరిస్తే ఊపిరి ఖర్చవుతుంది, అరవకపోతే ఎవరికీ తెలియదు.

టీవీ కాస్త తగ్గింది. హాల్లో ఫోన్ మోగుతోంది, సుగ్రా ఫోనే. సైమా ఎత్తింది.

"అమ్మీ... ఆ, అన్నం తిన్నా... దాదీ లేదు. ఆటలో ఓడిపోతానని తేనె అమ్మే శంకరమ్మ అవ్వతో మాట్లాడను వీధిలోకి పోయినట్టుంది... సరే, సరేలే."

"లేదమ్మా, ఈడే ఉండా" అంది సుగ్రా. ఆ మాట పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఫోన్ పెట్టేశారు. టీవీ మళ్ళీ హోరెత్తింది.

ఇక తనను ఎవరూ వెతకరు. ఇంతసేపూ ఎవరో ఒకరు వస్తారనే ధైర్యం ఉండింది. ఇప్పుడు ఇంట్లో వాళ్ళ లెక్కలో ఆమె బయటికి పోయింది, పొద్దు గూకే లోపు వస్తుంది. రిజ్వానా వచ్చినా నేరుగా వంటింట్లోకే పోతుంది.

చేత్తో పైకి తడిమింది. చెక్క. పక్కకు తడిమింది. చెక్క. భర్త అబ్దుల్ రెహమాన్‌ను ఖబరస్తాన్‌కు మోసుకుపోయిన రోజు గుర్తొచ్చింది. ఆయన పలకల గనిలో పనిచేసిన మనిషి. గుంటలో దించి, పైన బండలు పరిచి, సందులు మట్టితో మెత్తారని ఖాలిద్ వచ్చి చెప్పాడు. ఆ రాత్రి ఆమె కొడుకును అడిగింది, మీ అబ్బాకు గాలి ఆడతదా రా అని. తెలివితక్కువ మాటని తెలిసీ అడిగింది. ఇప్పుడు ఆ బండల కింద తానే ఉన్నట్టుంది.

"యా అల్లా, ఇట్ల కాదు. పిల్ల పక్కగదిలో ఉండంగా ఇట్ల కాదు" అనుకుంది. చివరి ఘడియలో చదివే కలిమా చదవబోయి ఆపేసింది. చదివితే నిజంగా పోతానేమోనని భయమేసింది.

తల తిరుగుతోంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. కిందకు వంగి, తలుపు అడుగున ఉన్న సన్నటి సందుకు ముక్కు ఆనించింది. అక్కడ కొంచెం గాలి ఉంది, సున్నం దుమ్ముతో కలిసి. దగ్గు వచ్చింది. దగ్గు ఆగేసరికి కళ్ళ ముందు పసుపు చుక్కలు.

అప్పుడు కరెంటు పోయింది.

టీవీ ఆగిపోయింది. ఫ్యాన్లు మెల్లగా తిరిగి తిరిగి నిలిచిపోయాయి. రంగుల పని కోసం ఇన్వర్టర్ వైర్లు తీసేసి ఉంచారు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కరెంటు ఏ క్షణాన్నయినా తిరిగి రావచ్చు. అరవడానికి గొంతు లేదు. సుగ్రా నడుము తడుముకుంది. రొంటిన తాళాల గుత్తి. దాన్ని పిడికిట్లో పట్టుకుని, చెక్కను శక్తికొద్దీ కొట్టింది. ఠక్. ఠక్. ఠక్.

హాల్లో సోఫా కదిలింది. చిన్న పాదాల అడుగులు గది గుమ్మం దాకా వచ్చాయి.

"ఎవరు?" అంది సైమా, గుమ్మం దాటకుండానే.

సుగ్రా సమాధానం చెప్పబోయింది. మాట బదులు గుర్రుమని ఒక మూలుగు వచ్చింది, ఆమెకే అది తన గొంతులా అనిపించలేదు.

"దయ్యం! అమ్మీ! దయ్యం!"

అడుగులు పరిగెత్తాయి. గేటు బాదుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు.

సుగ్రా చేతిలోని గుత్తి జారి ఒళ్ళో పడింది. పిల్లను పిలవబోయి తానే తరిమేసింది. ఏడుపు వచ్చింది కానీ ఏడవడానికీ ఊపిరి కావాలి.

సైమా చెప్పుల్లేకుండా వీధిలోకి ఉరికింది. అక్కడ శంకరమ్మ కనబడింది. పెద్దారవీడు అవతల అడవి అంచు గూడెం ఆమెది. తేనె, కుంకుడుకాయలు బుట్టలో పెట్టుకుని వీధులు తిరుగుతుంది. సుగ్రాతో ఏళ్ళ నాటి స్నేహం. వచ్చినప్పుడల్లా వాళ్ళ అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి పోతుంది. సైమా ఆమె నడుము వాటేసుకుంది.

"అవ్వా! గదిలో దయ్యం కొడతాంది!"

"పట్టపగలు దయ్యమేంది పాపా? మీ జేజి యాడ?"

"నీ కాడికే వచ్చింది గదా?"

"నా కాడికా? నేనిప్పుడే గదా బస్సు దిగింది."

శంకరమ్మ బుట్ట అక్కడే దించి, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. గది గుమ్మం దగ్గర ఆమె కూడా ఆగిపోయింది. ఆమెకూ భయమేసింది. పగలైనా సరే, మనిషి లేని గదిలోంచి పిల్లికూతల్లాంటి శబ్దం వస్తోంది.

"ఎవరది? బూబక్కా, నువ్వేనా? నువ్వైతే కొట్టు."

సుగ్రా ఒళ్ళో గుత్తిని వెతుక్కుంది. వేళ్ళు మొద్దుబారాయి. ఎత్తి కొట్టింది. ఒక్కటే దెబ్బ, అదీ మెల్లగా.

"అయ్యో, కబోర్డులో ఉండాది!"

ఇద్దరూ మంచం పట్టుకుని లాగారు. కదల్లేదు. శంకరమ్మ పరుపులు తీసి విసిరేసింది. డబ్బా ఒకటి దొర్లి, మూత ఊడి, పిస్తా రంగు నేలంతా పారింది. అదే సమయానికి కరెంటు వచ్చింది. హాల్లో రాక్షసులు మళ్ళీ గర్జించారు.

"దాన్ని ఆపు పాపా! ఆమె పలుకుతాందో లేదో వినపడట్లేదు!"

సైమా పరిగెత్తి టీవీ ఆపి వచ్చింది. వస్తూ కిటికీ మీది ఇన్‌హేలర్ అందుకుంది. ఎవరూ చెప్పలేదు. లోపల ఇప్పుడు చప్పుడు లేదు.

"దాదీ! కొట్టు దాదీ! ఇంకోసారి కొట్టు!"

లోపలి నుంచి ఏమీ రాలేదు.

పిల్ల ఏడుస్తూ రంగులో జారుతూ మంచం కోడు పట్టుకుంది. శంకరమ్మ కుట్టుమిషను కింద భుజం పెట్టి అవతలికి తోసింది. అది విరిగినట్టు చప్పుడు చేస్తూ పడింది. మంచం ఒక పక్క లేచింది. ఇద్దరూ కలిసి ఈడ్చారు. తలుపు ఒక్కటి తెరుచుకునేంత చోటు దొరికింది.

సుగ్రా పక్కకు ఒరిగి బయటికి జారింది. పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు సగం తెరుచుకునే ఉన్నాయి కానీ ఎవరినీ చూడడం లేదు. శంకరమ్మ ఆమెను కిటికీ దగ్గరికి ఈడ్చి, కూర్చోబెట్టి, వీపు పట్టుకుంది. సైమా ఇన్‌హేలర్ ఆమె నోట్లో పెట్టి నొక్కింది. మొదటిసారి అది పెదవుల పక్కనుంచి పోయింది. రెండోసారి కొంచెం లోపలికి వెళ్ళింది. మళ్ళీ నొక్కింది. చాలాసేపటికి, బావిలోంచి చేద లాగినట్టు, సుగ్రా ఒక్క ఊపిరి లాగింది.

ఆటోలో గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకుపోయారు. రిజ్వానా అక్కడికే పరిగెత్తుకుంటూ వచ్చింది. పొగలా పీల్చే మందు పట్టించి, ఆక్సిజన్ పెట్టి, మర్నాడు సాయంత్రం ఇంటికి పంపారు. అప్పటిదాకా ఆశీర్వాదం వార్డు బయట తల పట్టుకుని కూర్చున్నాడు, సుగ్రా బయటికి రాగానే లేచి ఎదురొచ్చాడు.

"గదిలోకి వచ్చినప్పుడు ఒక్కసారి పిలిచింటే చాలు గదమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు.

"ముసలిది కబోర్డులో దాక్కుంటాదని నీకెట్ల తెలుస్తాది నాయనా" అంది సుగ్రా. నవ్వడానికి ప్రయత్నించింది. నవ్వు దగ్గులోకి దిగింది.

ఖాలిద్ మస్తానయ్యను పిలిపించి కబోర్డు తలుపులు రెండూ ఊడదీయించాడు. పరుపులు ఇప్పుడు అందరికీ కనబడేలా ఉన్నాయి. నేల మీది పిస్తా రంగు గీకినా పూర్తిగా పోలేదు. సైమా గోడ మీద సూపర్‌హీరో బొమ్మ అంటించారు. పిల్ల దాని వైపు పెద్దగా చూడదు.

సుగ్రా ఇంటికి వచ్చినా భయం ఆమెను వదల్లేదు. దుప్పటి మొహం మీదికి వస్తే ఉలిక్కిపడి లేస్తుంది. గది తలుపు మూయనివ్వదు. పాలిష్ వాసన పోయిందని అందరూ అంటారు. ఆమెకు మాత్రం ఉంది.

సైమా ఇంకా అధ్వాన్నం. దాదీ స్నానానికి వెళ్తే బాత్రూం బయట నేల మీద కూర్చుంటుంది. గడియ పెట్టుకోవద్దని ముందే మాట తీసుకుంటుంది.

"దాదీ, ఉన్నావా?"

"ఉండాలేమ్మా."

లోపల చెంబుతో నీళ్ళు పోసుకున్న చప్పుడు. కాసేపు ఏమీ వినిపించదు. పిల్ల లేచి తలుపుకు చెవి ఆనిస్తుంది.

"దాదీ?"

"ఉండా బేటీ. సబ్బు రుద్దుకుంటాండా."