ప్రొఫెసర్ గారి సున్నాలు

ప్రొఫెసర్ గారి కాగితాలు మా లైబ్రరీకి వచ్చిన రోజే నాకు ఒళ్ళు మండింది. లారీడు అట్టపెట్టెలు. విప్పితే ఏముంది? సన్మానపత్రాలు, ఒక్కొక్కదానికీ మూడేసి నకళ్ళు. తనను పొగిడిన ప్రతి ఉత్తరాన్నీ మడత నలగకుండా దాచుకున్నాడు. తిట్టినవి ఒక్కటీ లేవు. ఉపన్యాసాల చిత్తుప్రతుల్లో 'ఇక్కడ చప్పట్లు' అని సొంత చేతిరాతతో రాసుకున్నాడు. చప్పట్లు పడ్డచోట టిక్కు కూడా పెట్టుకున్నాడు మహానుభావుడు!

పాత కాగితాల విభాగంలో నా పని వీటన్నిటికీ పట్టిక కట్టడం. మా పనిలో ఒక నియమం ఉంది. మనిషి తన కాగితాలను ఏ వరసలో పెట్టుకున్నాడో ఆ వరసను చెడగొట్టకూడదు. అతనెలాంటివాడో ఆ వరసే చెబుతుందంటారు. ఈయన వరస ఇదీ. పైన ఫొటోలు, మధ్యలో పొగడ్తలు, అణు ఇంజినీరింగ్ ఎక్కడో అట్టడుగున.

వీటితో పెద్ద ప్రదర్శన పెట్టాలని ఆయన శాఖకు ఇప్పటి హెడ్డు తెగ ఆరాటపడుతున్నాడు. ఆయన్ని అందరూ చాటుగా 'గొడుగు' అంటారు. ప్రొఫెసర్ గారు ఉన్నన్నాళ్ళూ ఎండావానా తగలకుండా వెంట తిరిగి, చివరికి ఆ కుర్చీలోనే చతికిలబడ్డాడు. రోజూ వచ్చి నా బల్ల మీద మోచేతులు ఆనించి ఒకటే పాట.

"ఆ రేడియేషన్ రికార్డులు అందరికీ కనపడేట్టు పెట్టండి మేడమ్. సర్ హయాంలో ఒక్కడికైనా మోతాదు దాటిందా? అన్నీ సున్నాలే! ఎవరికుంది అంత రికార్డు?"

ఆ సున్నాల సంగతి నాకు బాగా తెలుసు. వాటిలో కొన్ని మా అన్నయ్యవి.

అన్నయ్య ఆయన దగ్గర రీసెర్చ్ చేశాడు. విద్యార్థులకు నేర్పడానికి కట్టిన చిన్న రియాక్టర్ అది. దాన్ని చల్లబరిచే నీళ్ళ పంపు పక్కగదిలో ఎప్పుడూ కారుతూనే ఉండేదట. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి బిగించాలి, నేల తుడవాలి. అక్కడ పనిచేసేవాళ్ళు చొక్కాకు ఒక బిళ్ళ తగిలించుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలితే అందులో ఫిల్మ్ అంత నల్లబడుతుంది. మరీ నల్లబడితే ఆ మనిషిని కొన్నాళ్ళు లోపలికి పోనివ్వరు. పని ఆగుతుంది, దాంతో ప్రొఫెసర్ గారి పరిశోధన పత్రాలూ ఆగుతాయి. అమ్మో, అవి ఆగితే ఎలా? అందుకని ఆయన తన గదిలో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టాడు. వెళ్ళేముందు బిళ్ళ తీసి అందులో పడెయ్యడం, తిరిగొచ్చాక తగిలించుకోవడం. ఎవరైనా జంకితే "ఫిజిక్స్ రానివాడికేనోయ్ భయం" అని నవ్వేవాడట. ఆ వయసు కుర్రాళ్ళకు ఆ మాట చాలు. బిళ్ళతో లోపలికి వెళ్ళేవాణ్ణి పిరికిపంద అని ఏడిపించేవాళ్ళు.

ఇప్పుడు అన్నయ్య ఒంట్లో రక్తం తయారవడం లేదు. మా సంస్థ ఆసుపత్రిలో ఎముక మజ్జ మార్పిడి చేస్తారు, కానీ జబ్బు పని వల్ల వచ్చిందని తేలితేనే. డాక్టర్ల బోర్డు రికార్డు తిరగేసి, 'సున్నా ఉందిగా' అంది. బిళ్ళలు పెట్టుకోలేదని అప్పటి ల్యాబ్ మనిషి ఎవరైనా రాసి సంతకం పెడితే మళ్ళీ చూస్తామంది. ఆ ల్యాబ్ వాళ్ళలో ఇప్పుడు బతికున్నది ఇద్దరే, గొడుగూ అన్నయ్యా.

సిగ్గు చంపుకుని గొడుగును అడిగాను.

"డబ్బానా? ఏ డబ్బా మేడమ్?" అన్నాడు. కళ్ళు మాత్రం ఎటో తిప్పేశాడు. "మీ అన్నయ్యంటే నాకు ప్రాణం. అయినా పోయిన మహానుభావుడి మీద ఇప్పుడు బురద చల్లడం..." అంటూ బల్ల మీదున్న గురువుగారి ఫొటోను చేతిరుమాలుతో తుడిచాడు. మెల్లగా, పసిపిల్లాడి మూతి తుడిచినట్టు.

వాడి సంగతి సరే. అసలు అన్నయ్యే రాయనంటున్నాడు!

"ఆయన పేరు నేను చెడగొట్టను చిట్టీ. అప్పట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆయనకీ తెలీదు" అన్నాడు మంచంమీద పడుకునే. "రోజూ తెల్లారకముందే వచ్చి మాకంటే ముందు ఆయనే లోపలికి వెళ్ళేవారు. మేమొచ్చేసరికి 'నేను చూసొచ్చాను, ఏం ఫర్లేదు, వెళ్ళండి' అనేవారు. మా అందరికన్నా ఎక్కువ పడింది ఆయన ఒంటిమీదే."

"మరి తొంభయ్యేళ్ళు గుండ్రాయిలా ఎలా బతికాడు?"

"అది ఆయన అదృష్టమే."

"చూశావా మీ అన్నయ్యని?" అంది వదిన. "పెళ్ళాంపిల్లలు ఏమైపోయినా ఈయనకి ఫర్లేదు. ఆ సార్ ఫొటో మీద మాత్రం ఈగ వాలకూడదు!"

ఫొటోల్లో ఎవరెవరున్నారో రాసుకోవాలి కదా, ఆ పని మీద ప్రొఫెసర్ గారి భార్య దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడే కానీ జ్ఞాపకం దిట్టం. ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించి పేర్లు చెప్పింది. ఒక ఫొటోలో ఆయన ఛాతీ మీద బిళ్ళతో ఏదో అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

"ఇది రియాక్టర్ పక్కగది లోపలేనా అమ్మగారూ?"

"లోపలా! భలేదానివే అమ్మాయ్. లోపలికి ఆయనెందుకెళతారు? ఇది అద్దానికి ఇవతల. పెళ్ళైన కొత్తలోనే నాకు మాటిచ్చారు, ఆ గది గడప తొక్కనని. రిటైరయ్యేదాకా తొక్కలేదు."

నా చేతిలో కలం ఆగిపోయింది. "మరి తెల్లారకముందే వెళ్ళి చూసొచ్చేవారటగా?"

"ఎవరూ, ఈయనా?" ఆవిడకు నవ్వాగలేదు. "నేను దుప్పటి లాగితే గానీ లేచే రకమా!"

"పంపు కారితేనో?"

"పిల్లలుండేవారుగా. ఉడుకురక్తం, వాళ్ళకేమవుతుంది?" ఆవిడ గొంతు మురిపెంగా మారింది. "ఆ బిళ్ళ చూశావూ, ఇంటికొచ్చినా తీసేవారు కాదు. స్నానానికి పోతే తలుపు కొక్కేనికి తగిలించుకునేవారు. నీకోసమేనే, మన పిల్లలకోసమేనే అనేవారు. అంత జాగ్రత్త మనిషి!" అని కళ్ళొత్తుకుంది.

ఛీ! ఆవిడిచ్చిన కాఫీ అక్కడే వదిలేసి లేచాను. మొగుడు మంచివాడని చెప్పుకుంటోంది పాపం. తిన్నగా అన్నయ్య దగ్గరికి వచ్చి విన్నది విన్నట్టు చెప్పేశాను.

"ఆవిడకి వయసు మీద పడిందిగా. మతిమరుపేమో" అన్నాడు.

"ఫొటోలో నీ వెనక నిలబడ్డవాడి ఊరుపేరుతో సహా చెప్పింది. నువ్వు నత్తి పోవడానికి గదిలో కూర్చుని గట్టిగా చదువుకునేవాడివని కూడా చెప్పింది."

వదిన మడతపెడుతున్న బట్టలు ఒళ్ళోనే వదిలేసి అన్నయ్య మొహం చూస్తూ కూర్చుంది.

"ఇంట్లో కూడా తీసేవాడు కాదా బిళ్ళ?" అన్నాడు అన్నయ్య.

"కాదట."

"అయితే తెలుసన్నమాట" అన్నాడు నెమ్మదిగా. "తెలీక పంపాడనుకున్నానే చిట్టీ. భయపడ్డాడంటే తెలిసే కదా." మళ్ళీ తనే, "కాగితం తే. నాకు కలం పట్టే ఓపిక లేదు, నువ్వు రాయి. సంతకం పెడతాను" అన్నాడు.

వదిన లేచి పరుగులాంటి నడకతో వెళ్ళి కాగితం తెచ్చింది. 'ప్రొఫెసర్ గారు మా చేత బిళ్ళలు తీయించి' అని మొదలుపెట్టాను.

"అది తర్వాత. ముందు నాది రాయి."

"నీదేముంది?"

"నా తర్వాత చేరిన పిల్లలకి బిళ్ళ తియ్యడం నేర్పింది నేను. ఆయన గదిలోంచి బయటికి కూడా వచ్చేవాడు కాదు. తలుపు దగ్గర నిలబడి, 'సర్ చూసొచ్చారు, ఏం ఫర్లేదు, వెళ్ళండి' అని లోపలికి పంపింది నేను."

"అయ్యో, అది రాస్తే ఎలాగండీ!" వదిన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "తప్పు మీదేనంటారు. అది సాకుగా పెట్టుకుని వైద్యం చెయ్యం పొమ్మంటారు. ఆ ఒక్కటీ వదిలెయ్యండి, మీకు దణ్ణం పెడతాను. నువ్వైనా చెప్పవే!"

నేను కలం పక్కన పెట్టేశాను. "వదిన చెప్పింది నిజం అన్నయ్యా. కాదనడానికి బోర్డుకి ఇదే చాలు."

"అంటే అననీ. వాళ్ళు ఆయన్ని చూసి వెళ్ళలేదే, నన్ను చూసి వెళ్ళారు. ఇప్పుడు ఒక్కడూ లేడు. నేను బతకడానికి వాళ్ళని కూడా దాచెయ్యమంటావా? పేర్లతో సహా రాయి."

వదిన కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. నేను కలం తీసుకున్నాను. అన్నయ్య కళ్ళు మూసుకుని పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కదాని దగ్గరా తడుముకోలేదు.