వాసన లేని మేత

మా ముక్కు బావ నాకు చేసిన అన్యాయం ఎవరికి చెప్పినా నవ్వుతారు. దొంగతనం చేసుంటే కేసు పెట్టేవాణ్ణి, కొట్టుంటే తిరిగి కొట్టేవాణ్ణి. ఆయన నా రొయ్యల మీద జాలిపడ్డాడు.

ముక్కు బావ అంటే మా అక్క మొగుడు. ఆ పేరు ఊరికే రాలేదు. మేత బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది మంచిది, ఇది పాతది అని తేల్చేస్తాడు. చుట్టుపక్కల చెరువుల వాళ్లంతా ఆయన ముక్కును నమ్మి బస్తాలు కొంటారు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఆయనకి ఆ ముక్కే డిగ్రీ. ఇద్దరం కలిసి పక్కపక్కన రెండు రొయ్యల చెరువులు కొన్నాం, చెరో సగం.

రొయ్యల మేతలో బలమంతా చేపపిండిది. సముద్రంలో చిన్న చేపల్ని ఊడ్చి తెచ్చి ఎండబెట్టి పొడి చేస్తారు. ఏటికేడాది ఆ చేప తగ్గుతోంది, పొడిలో ఇసుక పెరుగుతోంది. ఒక బస్తా ఉన్నట్టు ఇంకో బస్తా ఉండదు. ఇలా విసిగిపోయి ఉన్నప్పుడు మేత కంపెనీ టెక్నీషియన్ అమ్మాయి కొత్త రకం తెచ్చి చూపించింది. పెద్ద పెద్ద ట్యాంకుల్లో కంటికి కనపడని సూక్ష్మజీవుల్ని పెంచి, ఎండబెట్టి, నాచు పిండి కలిపి చేసిన మేత. చేప ముక్క లేదు. గుళికలు గోధుమరంగులో, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. నీళ్లలో వేసి చూశాను. రెండు గంటలైనా విడిపోలేదు. నాకు నచ్చింది.

బావ గుప్పెడు తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇందులో ఏముందిరా? సున్నం వాసన కూడా లేదు."

"పురుగూ, పాచీ బావా."

"పాచి తిని రొయ్యలు పెరిగితే మా నీళ్లట్యాంకులో ఈపాటికి ఒక పంట తీసేవాణ్ణి."

అక్క నవ్వింది. నాకు మండింది.

"ఒక చెరువు నాకు వదిలెయ్. చేసి చూపిస్తా."

"పోతే నష్టం ఇద్దరిదీ కదా?"

"పోతే రెండు చెరువుల్లో నా వాటా నువ్వే తీసుకో. తొంభై రోజులు ఈ మేత మీద చెరువు నిలబడితే మాత్రం రెండింట్లోనూ ఇదే వెయ్యాలి."

"మీ అక్క వింటోంది, మళ్లీ అను."

అన్నాను. నా చేతి మీద నాకు నమ్మకం. ఇప్పటికీ ఉంది.

మొదటి వారం రొయ్యలు ఆ మేత ముట్టలేదు. పిల్లప్పటి నుంచి చేప వాసనకి అలవాటు పడ్డవి, వాసన లేనిదాన్ని తిండి అనుకోలేదు. మా బావలాగే. అప్పుడు నేనే ఒక ఉపాయం చేశాను. పాత మేతలో పావు వంతు కొత్తది కలిపాను. వారం తర్వాత సగం, ఆ పై వారం ముప్పావు. ముప్పయ్యో రోజుకి పూర్తిగా కొత్తదే. కంపెనీ కాగితంలో ఇది లేదు, టెక్నీషియన్ అమ్మాయి నా దగ్గర రాసుకుని వెళ్లింది.

ఒక్కటే తేడా. మేత వేసినప్పుడు దాంట్లో కాస్త తట్టలో పెట్టి నీళ్లలో దించుతాం. గంటకి తట్ట పైకి లాగితే ఖాళీగా ఉండాలి. మిగిలిందంటే రొయ్యకి ఏదో తేడా చేసినట్టు. నా చెరువులో గంటకి సగం మిగిలేది, గంటన్నరకి తుడిచిపెట్టినట్టు ఉండేది. నిదానంగా తినేవి, అంతే. ఈ మాట బావకి చెప్పాను. "ఊఁ" అన్నాడు. ఆయన ఊఁ అంటే విన్నట్టు కాదు.

డెబ్భై ఎనిమిదో రోజు నీళ్ల పరీక్షకి సీసాలు పట్టుకుని టౌనుకి వెళ్లాను. ఆకాశం మబ్బు పట్టి ఉంది. తిరిగొచ్చేసరికి నా చెరువు మీద నురగ, గట్టు మీద నాలుగు ఖాళీ బస్తాలు. పాత మేత బస్తాలు.

"ఎవరేశారు?"

"నేనే," అన్నాడు బావ. "గంటకి తట్ట తీశాను. సగం అలాగే ఉంది. రోజూ ఇంతేనటగా! పాపం, ఎన్నాళ్ల నుంచి పస్తులుంటున్నాయో."

"నాలుగు బస్తాలా బావా? ఒక్కసారే?"

"ఆకలి మీదున్నాయి కదరా."

నీళ్లకి గాలి పట్టించే చక్రాలన్నీ తిప్పాను. మోటారు అరువు తెచ్చి నీళ్లు మార్చాను. కుళ్లిన మేత ఆక్సిజన్‌ని లాగేసింది, మబ్బుకి నీళ్లు తేరుకోలేదు. తెల్లారేసరికి రొయ్యలు ఒడ్డు చుట్టూ మూతులు పైకి పెట్టి తేలుతున్నాయి. మిగిలినవి చచ్చేలోపు వల దించి పట్టేశాం. మూడో వంతు పోయింది.

కొనేవాడు తూకం వేసి, కిలోకి అరవై ఒక్కటి తూగుతున్నాయన్నాడు. అదే రోజు పాత మేత తిన్న పక్క చెరువులో వల విసిరితే కిలోకి అరవై తొమ్మిది తూగాయి. కిలోకి తక్కువ తూగాయంటే నావే లావు. బావ రెండు కుప్పల్లోంచీ ఒక్కొక్కటి తీసి అరచేతిలో పక్కపక్కన పెట్టి చూశాడు.

సాయంత్రం అక్క అంది, "మాట ఇచ్చింది నువ్వే కదా తమ్ముడూ. తొంభై రోజులు నిలబడలేదు."

"నిలబడనివ్వంది మీ ఆయన."

"ఆకలని పెట్టాడు. చంపాలని పెట్టాడా?"

నా వాటా రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టాను. బావ నా కళ్లలోకి చూడకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి పంటకి ఆయన దగ్గర్నుంచి ఫోను.

"ఒరేయ్, ఆ పాచి మేత మొదట్లో ఎంత కలపాలి?"

ఫోను పెట్టేద్దామనుకున్నాను. కానీ రొయ్యలేం పాపం చేశాయి? పావు వంతుతో మొదలుపెట్టమన్నాను. తట్ట గంటన్నరకి తీయమన్నాను. ఈసారి ఆయన ఊఁ అనలేదు, రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

ఇప్పుడు ఆయన రెండు చెరువుల్లోనూ అదే మేత. నేను ఒక చెరువు కౌలుకి తీసుకున్నాను, నాదీ అదే. పోయినసారి అందరికంటే నా రొయ్యే లావు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. నా మేత తప్పని ఈ చుట్టుపక్కల ఒక్కడు కూడా అనడు. దాన్ని నిరూపించడానికి నాకు అయిన ఖర్చు ఎకరం నలభై సెంట్లు.