తలుపు దగ్గరి స్టూలు

వెన్న రాసుకునే మొద్దు చాకుతో రగ్గు మీది టేపు గీకుతోంది మార్లిస్. ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు. మిల్వాకీలో బుద్ధున్నవాళ్ళంతా దుప్పట్లో ముడుచుకుని ఉండే చలి. ఆమె ఒక్కతే ఖాళీ హాల్లో, స్టేజీ మీద, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం మూడింటికి నాలుగు బ్యాండ్లు వాయించాలి. వచ్చిన ప్రతి డ్రమ్మరూ స్టేజీ మీది డ్రమ్ముల కాళ్ళు తన కొలతకి జరుపుకుంటాడు, మళ్ళీ వారం వెతుక్కోకుండా అక్కడో రంగు టేపు ముక్క అంటిస్తాడు, చెమట తుడుచుకుని వెళ్ళిపోతాడు. దాన్ని ఊడదీసేది ఎవరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఆ జిడ్డంతా గీకెయ్ మార్లీ, పోకపోతే రగ్గే పారేద్దాం," అన్నాడు మొగుడు డ్వేన్ నిన్న, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. పారేద్దామంటే మాటలా! ఆ రగ్గు పెళ్ళికి ముందు ఆమె అద్దె గదిలో పరుచుకున్నది. దాని మీద నిలబెట్టిన నీలం డ్రమ్స్ కూడా ఆమెవే. ఐస్‌క్రీము కొట్లో రెండు వేసవులు భుజాలు పడిపోయేలా గరిటె తిప్పి కొనుక్కుంది. ముందున్న బారు అత్తగారిది, వెనకున్న ఈ హాలు ఆ బారుకి తోక. మామగారి రోజుల్లో ఇక్కడ అకార్డియన్ పాటలకి ముసలి జంటలు గిరగిరా తిరిగేవి. తరవాత డ్వేన్ పేటలోని కుర్రకారు బ్యాండ్లని పిలవడం మొదలుపెట్టాడు. మొట్టమొదట వాయించింది మార్లిస్ బ్యాండే. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఎర్ర టేపు కింద పచ్చ టేపు, పచ్చ కింద నల్లది. ఇంకాస్త వెనక తెల్ల గుడ్డ టేపు తగిలేసరికి చాకు ఆగిపోయింది. మాసిపోయినా అంచు లేవలేదు. ఇది ఆమెదే. సీటు కాళ్ళ గుర్తులు మూడూ తక్కిన వాళ్ళ గుర్తుల కన్నా జానెడు వెనక్కి ఉన్నాయి. ఎందుకుండవు మరి, అప్పుడు ఏడో నెల! కడుపు అడ్డమొస్తుంటే సీటు వెనక్కి లాక్కుని, చేతులు బారజాపి వాయించింది. కడుపులో కూతురు హేలీ తాళానికి సరిగ్గా తన్నింది. ఆ రోజు డ్వేన్ ఎంత మురిసిపోయాడో. పాప పుట్టాక, "కొంచెం ఆగు మార్లీ, పాపకి ఏడాది నిండనీ," అన్నాడు. నిండింది. "బడికి వెళ్ళనీ," అన్నాడు. వెళ్ళింది. "డ్రమ్స్ ఇక్కడే ఉండనీ, వచ్చే బ్యాండ్లకి పనికొస్తాయి. నీవే కదా, ఎక్కడికి పోతాయి?" అన్నాడు. నిజమే, డ్రమ్స్ ఎక్కడికీ పోలేదు. ఆమే పోయింది, స్టేజీ మీంచి తలుపు దగ్గర స్టూలు మీదకి. ఇప్పుడు హేలీకి పంతొమ్మిదేళ్ళు.

ఆ స్టూలు వీధి వైపు తిరిగి ఉంటుంది. కూర్చున్న మొదటి రోజే అత్తగారు ఆర్డెల్ వచ్చి పాఠం చెప్పింది. "చూడమ్మాయ్, కళ్ళు వీధి మీదే ఉండాలి. నువ్వు పాట వింటూ అటు తిరిగావనుకో, ఇటునుంచి నలుగురు దూరిపోతారు." వచ్చిన వాళ్ళ దగ్గర టికెట్టు డబ్బులు పుచ్చుకుని, మణికట్టు మీద చేప ముద్ర కొట్టి లోపలికి పంపడం ఆమె పని. అలా పంతొమ్మిదేళ్ళుగా పేటలోని ప్రతి బ్యాండునీ మార్లిస్ వీపుతోనే విన్నది. ఎవడు కోపంగా కొడతాడో, ఎవడు కంగారుపడి తాళం తరుముతాడో వెన్నెముకకి తెలిసిపోతుంది. వాయించేటప్పటి ముఖాలు మాత్రం తెలియవు. సోమవారం బారు మూసి ఉంటుంది కాబట్టి చిరిగిన డ్రమ్ము చర్మాలు ఆమె మార్చేదీ, మరలు బిగించేదీ ఆ రోజే. "డ్వేన్ డ్రమ్స్‌ని ఎంత బాగా చూసుకుంటాడండీ!" అని అందరూ మెచ్చుకుంటారు. పోయిన నెల ఓ గడ్డపాయన, ముప్పై ఏళ్ళుంటాయి, ముద్ర వేయించుకుంటూ అడిగాడు, "ఆ డ్రమ్స్ మీ ఆయనవట కదా? భలే సరుకండీ." "ఆఁ," అంది. ఆ "ఆఁ" అన్నందుకు తన మీద తనకే వచ్చిన కోపం ఇంకా దిగలేదు.

అక్టోబరు నుంచీ సోమవారాలకి ఇంకో పని కూడా తోడయింది, అది ఎవరికీ తెలియదు. స్కూలు బస్సు నడిపే స్నేహితురాలు గ్వెన్ డ్యూటీ దిగాక గిటారు పట్టుకుని వచ్చేస్తుంది, తన చెల్లెలిని వెంటేసుకుని. ముగ్గురూ ఖాళీ హాల్లో మూడు పాటలు సాన పట్టారు. ఈ ఆదివారం రెండో బ్యాండు తమదేనని గ్వెన్ పేరు కూడా ఇచ్చేసింది. "ఒసేయ్, ఈసారి రాలేదంటే మీట నొక్కితే తాళం వేసే డ్రమ్ముల పెట్టె పెట్టుకుని వాయించేస్తాను. ఆ పెట్టెకి నీ పేరే పెడతాను, ఊరంతా చచ్చేట్టు నవ్వుతారు," అని బెదిరించింది.

పొద్దున కాఫీ పోస్తూ డ్వేన్‌తో అనేసింది మార్లిస్, ఇవాళ గ్వెన్‌తో కలిసి వాయిస్తానని. అతను కోప్పడలేదు. కోప్పడితే పోట్లాడచ్చు. నవ్వాడు. "ఇవాళా? ఇవాళ జనం విరగబడతారే. అందరూ స్టేజీ ఎక్కితే తలుపు దగ్గర ఎవరుంటారు మార్లీ?" అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరన్న పాత సామెతే, కాకపోతే ముద్దుపేరు తగిలించి అన్నాడు. ఆ సామెత చెప్పేవాడు ఎప్పుడూ అందలంలోంచే చెబుతాడేమిటో! పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న ఆర్డెల్, "ఈ వయసులో డప్పులేమిటమ్మా," అని ముక్కున వేలేసుకుంది. మార్లిస్ చాకు తీసుకుని హాల్లోకి వచ్చేసింది.

టేపులన్నీ గీకేసింది. తెల్లవి మూడూ వదిలేసింది.

మూడింటికి మొదటి బ్యాండు మొదలైంది. గడ్డపాయనే డ్రమ్స్ మీద. వీపుతో వింటే తెలుస్తోంది, చెయ్యి మంచిదే కానీ కాలు తొందరపడుతోంది. పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లులు, ఐస్ హాకీ టోపీల్లో తాతలు, వాయించేవాళ్ళ అత్తలూ మేనమామలూ వస్తూనే ఉన్నారు. స్టేజీ మీదకి వెళ్ళకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. అదే ఆమెకి భయం. రేపు సోమవారం వస్తుంది, డ్రమ్ము చర్మం మారుస్తుంది, ఆదివారం వస్తుంది, స్టూలెక్కుతుంది, ఎవరికీ ఏ లోటూ ఉండదు.

పాట ఆగింది. చప్పట్లు. కాసేపటికి మైకులో గ్వెన్ గొంతు వినిపించింది. బస్సులో అల్లరి పిల్లల్ని అదిలించే గొంతే అది. "మా డ్రమ్మరు తలుపు దగ్గర ఇరుక్కుపోయింది. కాస్త దారివ్వండి బాబూ!"

హాలంతా వెనక్కి తిరిగినట్టు మార్లిస్ వీపుకి తెలిసింది. ఎదురుగా ఓ చిన్నపిల్ల చెయ్యి చాపి నిలబడి ఉంది. ఆ చేతి మీద చేపని జాగ్రత్తగా కొట్టి, స్టూలు దిగింది.

డ్వేన్ బారులోంచి పరుగున వచ్చాడు. "మార్లీ, ఎక్కడికి? తలుపు..."

"తలుపు ఎక్కడికీ పోదు." ముద్ర అతని చేతిలో పెట్టింది. గొంతు తనదేనా అనిపించింది. "కూర్చో. కళ్ళు వీధి మీదే ఉండాలి, మీ అమ్మనడుగు చెబుతుంది."

అప్పటికే ఎవరో అతని ముందు మణికట్టు చాపారు. కూర్చున్నాడు.

స్టేజీ మీద గడ్డపాయన తన సామాను సర్దుకుంటూ, "మీకు సీటు సరిచేయనా అండీ?" అన్నాడు.

"వద్దు బాబూ. ఇవి నావే. కొనుక్కున్నప్పుడు నువ్వు పలక పట్టుకుని బడికెళ్తూ ఉంటావు."

సీటు మొదట తెల్ల గుర్తుల మీదే పెట్టింది. కూర్చుని చూస్తే డ్రమ్ములు దూరమయ్యాయి. మరి ఇప్పుడు అడ్డమొచ్చే కడుపు లేదు కదా! లేచి జానెడు ముందుకి జరుపుకుంది. ఇప్పుడు అన్నీ చేతికందాయి. గ్వెన్ కన్ను గీటింది. మొదలెట్టారు.

మొదటి పాటలో ఒకచోట తాళం జారింది. ఎవరూ చావలేదు. గ్వెన్ పళ్ళికిలించి ముందుకు లాక్కుపోయింది. పాట సగంలో మార్లిస్ తలెత్తింది. డ్రమ్స్ వెనక కూర్చున్నవాళ్ళకి ఎదురుగా, జనం తలల మీదుగా, తిన్నగా కనిపించేది ఆ స్టూలే. అంటే ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చున్న ప్రతివాడూ ఆమె వీపు చూస్తూనే వాయించాడన్నమాట. ఇప్పుడక్కడ డ్వేన్ వీపుంది. బారు గుమ్మంలో ఆర్డెల్ చేతిలో ఉల్లిపాయతో నిలబడిపోయింది, కళ్ళు తుడుచుకుంటోంది. ఉల్లిపాయ వల్లే కావచ్చు.

పాట ఇంకా పూర్తి కాలేదు. డ్వేన్ లేచి, స్టూలుని రెండు చేతులా పట్టుకుని, గిర్రున స్టేజీ వైపు తిప్పుకుని, మళ్ళీ కూర్చున్నాడు. ఒళ్ళో ముద్ర పెట్టుకుని, గుడ్లప్పగించి ఆమెనే చూస్తున్నాడు. అతని వెనకనుంచి ఇద్దరు చక్కా లోపలికి వచ్చేశారు. ఆకాశమేమీ ఊడిపడలేదు.

పంతొమ్మిదేళ్ళలో ఆ స్టూలు తిప్పుకోవచ్చని ఆమెకి ఒక్కసారీ తోచలేదు. అతనికి ఒక్క పాట కూడా పట్టలేదు.

మార్లిస్‌కి నవ్వాగలేదు. నవ్వుతూనే పుల్లలు రెండూ పైకెత్తి, రెండో పాటకి నాలుగు లెక్కపెట్టింది.