సువార్త పేరు తీసేసిన పాట

రెండో చరణం ఎత్తుకునేలోపే మైకు ఆపేశారు. పంచాయతీ ఉత్సవం స్టేజీ మీద దేవకుమారి నోరు కదులుతూనే ఉంది, గొంతు మాత్రం ముందు వరసదాకా కూడా వెళ్ళలేదు. స్టేజీ ఖర్చు పెట్టుకున్న కంపెనీ మేనేజరు మణిశంకర్ దగ్గరికొచ్చి చాలా మర్యాదగా చెప్పాడు.

"అమ్మా, ఈ పాట హక్కులు మా కంపెనీవండి. ఆదివారం రాజమండ్రిలో పెద్ద ప్రోగ్రాం ఉంది. ఇకమీదట స్టేజీ మీద దీన్ని ఇంకెవరూ పాడకూడదు. పాడితే కేసవుద్ది."

కేసనే మాట వినగానే దేవకుమారి స్టేజీ దిగిపోయింది.

వరి ఊడుపుల్లో ఒకరు అందిస్తే మిగతావాళ్ళు అందుకునే పాట అది. ఎవరికి తోచిన చరణం వాళ్ళు కలుపుకుంటారు. కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన చెల్లెలు సువార్త ఫోను ఆగిపోయిన ఏడు, బురదలో నిలబడి దేవకుమారి తన చరణం కట్టింది.

రేవు దాటెళ్ళావు సువార్తా
నీ రేకుపెట్టె తియ్యలేదు సువార్తా

చెల్లెలి కబురు రాలేదు, శవమూ రాలేదు. ఆ పేరు పెట్టి గట్టిగా పిలవడానికి ఆమెకు మిగిలింది ఈ పాటొక్కటే.

మర్నాడు గట్టుమీద అన్నాలు తినేవేళ, అదే పేటలో పుట్టి కాకినాడలో లా చదువుతున్న శృతి ఫోనులో వీడియో చూపించింది. కిందటేడు రికార్డింగుకొచ్చిన కంపెనీవాళ్ళు "ఈ పాట ఎవరిదమ్మా?" అని అడుగుతున్నారు. దేవకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మాదేముందండి బాబూ, అందరిదీని" అంటోంది. వెనకాల ఆడవాళ్ళంతా అవునని తలలూపుతున్నారు.

"అందరిదీ అన్నావు పిన్నీ. ఎవరిదీ కాదన్నావని వాళ్ళు రాసుకున్నారు. మేమే తయారుచేశామని రిజిస్టరు చేయించుకున్నారు. కచేరీ హక్కులొకడికి, టీవీ హక్కులింకొకడికి అమ్మేశారు. సువార్త పిన్ని పేరు తీసేసి 'సుందరీ' అని పెట్టారు."

"మరేం చెప్పాలే?" అంది పక్కన తింటున్న వరహాలక్ష్మి. "నలుగురూ పాడేదాన్ని నాదని ఏ మొహంతో చెప్పుకుంటాం?"

"ఆదివారం రాజమండ్రి వెళ్ళి, వాళ్ళ గేటు ముందే అందరం నిలబడదాం," అంది శృతి.

ముఠా మేస్త్రి చిట్టియ్య అవతలి గట్టుమీంచి కేకేశాడు. "పాట పోతే ఏంటే మీకు? పొలం పోయిందా? పోలీసుల దాకా తెచ్చుకుంటే నా ముఠాలోకి రావద్దు."

"మాకు పొలం ఎప్పుడుందిలే పోవడానికి," అంది వరహాలక్ష్మి. అందరూ నవ్వారు. దేవకుమారి నవ్వలేదు.

"నాకు భయంగా ఉందే. వెళ్ళొద్దు."

"మాకు లేదా అక్కా? ఒక్కదానివీ భయపడితే చచ్చిపోతావు. అందరం కలిసి భయపడదాం, పద," అంది వరహాలక్ష్మి.

ఆదివారం సాయంత్రం రాజమండ్రి మైదానం గేటు ముందు ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడ్డారు. పక్కన టికెట్లు కొన్న కాలేజీ పిల్లల క్యూ; సువార్త ఎవరో శృతి వాళ్ళకి చెబుతోంది. లోపలి స్పీకర్లలోంచి 'సుందరీ' అని ఒక్కసారిగా హోరెత్తింది.

ఎస్సై కాగితం తెచ్చాడు. "ఎక్కడా పాడనని సంతకం పెట్టి బస్సెక్కమ్మా. పెద్దదానివి, స్టేషన్లో కూర్చోలేవు."

ఆమె పెన్ను అందుకుంది. సంతకం పెడితే ఇంటికి పోవచ్చు. రేపు పనిలోకీ పోవచ్చు. కానీ చెల్లెల్ని ఇంకెక్కడ పిలవాలి?

"పెట్టనండి," అంది. "మా చెల్లి పేరండి అది."

జీపెక్కించారు. తాళ్ళు అడ్డం పట్టి మిగతావాళ్ళను వెనక్కి నెట్టారు. నాట్లేసే ఆడవాళ్ళకు వెనక్కి నడవడం కొత్త కాదు. ఒక్కొక్క అడుగే వెనక్కి వేశారు. వరస మాత్రం చెదరలేదు.

దేవకుమారి జీపు కిటికీ కమ్మీ పట్టుకుని, భయపడుతూనే తన చరణం అందించింది. క్షణంసేపు స్పీకర్ల హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఎవరూ అందుకోలేదనుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

"సువార్తా!"

ముందు అందుకుంది ఆడవాళ్ళు. వాళ్ళ వెనక క్యూలో పిల్లలు. టికెట్లు చేతిలో అలాగే పట్టుకుని, గేటు వదిలేసి జీపుకి అడ్డంగా రోడ్డు మీదికొస్తున్నారు.

"పోనియ్," అన్నాడు ఎస్సై.

డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకి చూశాడు.

"ఎటు పోనియ్యమంటారండి?"