పంకజం పేరు మీద విరాళం

నేను బడిలో లెక్కల మాస్టర్ని. వార్డు ఎన్నికలొచ్చాయని నన్ను ఖర్చుల నిఘా విభాగానికి పంపి, ఒక కుర్చీ, ఒక రబ్బరు ముద్ర ఇచ్చారు. ఆన్‌లైన్‌లో విరాళమిచ్చినవాళ్ళ జాబితా పంపమని చింతాద్రిపేట అభ్యర్థి చిన్నస్వామికి మూడు నోటీసులిచ్చాను. ఇరవై వేలు దాటి ఎవరూ ఇవ్వలేదనీ, అంతకు తక్కువైతే పేర్లు చెప్పనక్కర్లేదనీ మూడుసార్లూ ఒకటే జవాబు. మా పై అధికారికి ఆ జవాబు తెగ నచ్చింది.

మా వీధిలో అప్పడాలమ్మే పంకజానికి మాత్రం నచ్చలేదు. చిన్నస్వామి పోస్టరు మీదున్న క్యూఆర్ కోడ్‌ను మనవరాలి ఫోన్‌తో స్కాన్ చేయించి ఆమె నూటొక్క రూపాయి పంపింది. ఎన్నో పెళ్ళిళ్ళలో చదివింపులిచ్చి, మైకులో తన పేరు విన్న మనిషి. అదే ఆమె పరువు. ఇక్కడ మాత్రం ఆమె పేరు ఎవరూ చదవలేదు.

“పేరు చదవకుంటే అదేం చదివింపులు? మేమేమన్నా దొంగసొమ్ము ఇచ్చినామా?” అని వీధి ఆడవాళ్ళను కూడగట్టింది. పేర్లు చదివితేనే ఓటన్నారు.

చిన్నస్వామి దిగొచ్చాడు. ఆదివారం సభలో, తన ఆఫీసులో దాచుకున్న జాబితాను చూసుకోకుండానే మైకు మనిషి చేతికిచ్చి, దండలు వేయించుకునే పనిలో పడ్డాడు. వెనక వరసలో నేను పెన్ను తీశాను.

“పంకజం, పంతొమ్మిది వేల తొమ్మిది వందలు. ఇస్త్రీ అంతోని, పంతొమ్మిది వేల తొమ్మిది వందలు. పూల రంజిత, పంతొమ్మిది వేల...”

మొదలైన చప్పట్లు ఆగిపోయాయి. పంకజం వేదికెక్కి మైకు అందుకుంది.

“నేనిచ్చింది నూటొక్క రూపాయి. అంతే చదవండి, చాలు. తక్కిన దుడ్డు ఎవురిదో వాళ్ళ పేరుతో చదవండి. ఇంకొకరి గొప్ప నాకొద్దు.”

నాకు పట్టలేనంత సంతోషమేసింది. మర్నాడే నివేదిక రాసిచ్చాను.

వారం తిరిగేసరికి మా విభాగం ఈ ఎన్నికల్లో తొలి కఠిన చర్య తీసుకుంది. అనుమతి లేకుండా సభలో మైకు వాడినందుకు పంకజానికి నోటీసు. చిన్నస్వామి సంగతి పరిశీలనలో ఉందట. ఆ నోటీసు పట్టుకెళ్ళింది నేనే.

పంకజం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇచ్చినోళ్ళు ఎవురని అడగరు. అంత నేనియ్యలేదన్న నన్ను అడగతారా, సారూ?”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. సంతకం కోసం రెండో కాపీ ముందుకు జరిపాను.