సూదంటే కుడి, దారమంటే ఎడమ

సుత్తి వదిన మరదలు టైర్ల షాపులో కూర్చుని ఉందట. కుర్చీలో కూడా కాదట, లారీ టైర్లు నాలుగు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఆ పైన. కాళ్ళు ఊపుకుంటూ, చేతిలో జాయ్‌స్టిక్కు పట్టుకుని, టైర్లక్క పక్కన. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారట. ఇస్త్రీ ఆమె చూసిందట. అదైనా తన కళ్ళతో కాదు, స్కూటరుకి గాలి పట్టించడానికి వెళ్ళిన వాళ్ళాయన కళ్ళతో. ఆయన ఇంటికొచ్చి చెబితే ఆమె బేకరీవాళ్ళావిడకి చెప్పింది. బేకరీవాళ్ళావిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి, కుట్టడానికిచ్చిన దిండు తీసుకెళ్ళే వంకతో వచ్చి, సోఫాల షాపు గుమ్మంలో నిలబడి మొత్తం కక్కేసింది.

"నాకెందుకమ్మా, విన్నమాట చెప్తున్నాను. ఆదివారం పోటీ మీకూ ఆ టైర్లవాళ్ళకీ కదా అని."

 జవాబు చెప్పడానికి వదిన నోరు ఖాళీ లేదు. నోటినిండా మేకులు. ఒక్కొక్కటే నాలుకతో పెదవుల మీదకి తోసి, అయస్కాంతం సుత్తికి అంటించి, సోఫా చట్రానికి గోనెపట్టా దిగ్గొడుతోంది. దిండు కాగితంలో చుట్టి చేతిలో పెట్టి, పొమ్మన్నట్టు తల ఊపింది.

వెనక గదిలో కొబ్బరిపీచు విడదీస్తున్న అత్త అంతా విన్నది. "నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ పొగ వాళ్ళ బేకరీ పొయ్యిదే అయ్యుంటుందిలే" అంది.

వదిన నవ్వింది. నవ్వితే ఒక మేకు కిందపడింది. దాన్ని వెతుక్కుంటూ వంగినప్పుడు మాత్రం మొహంలో ఆ నవ్వు లేదు.

సుత్తి వదిన అనే పేరుకి రెండు కారణాలు. వారమంతా చేతిలో ఉండే సుత్తి ఒకటి, ఆదివారం తెరమీద ఉండే సుత్తి ఇంకొకటి. సైకిళ్ళ షాపు మేడమీద ఒక గేముల హాలుంది. అక్కడ ఆడే ఆటలో నేలంటూ ఉండదు. ఆకాశంలో ఒక పలక వేలాడుతూ ఉంటుంది. దానిమీద ఇద్దరికి ఇద్దరు నిలబడి కొట్టుకోవాలి. పలక మీంచి పడితే ఒక ప్రాణం పోయినట్టు. ఒక్కొక్కరికి మూడు ప్రాణాలు. వదిన బొమ్మ కొండంత మనిషి, చేతిలో సుత్తి. దెబ్బ తగిలిందా, అవతలివాడు చుక్కల్లో కలవాల్సిందే. కానీ ఆ ఒళ్ళుతో ఎగరలేడు. అంచు దాటాడంటే బావిలో రాయే.

మరదలి బొమ్మ గంతులయ్య. బక్కపల్చటి ముసలాడు, వీపున సంచీ, సంచీలో స్ప్రింగు. కిందకి పడిపోతూనే సంచీలోంచి స్ప్రింగు లాగి, కాళ్ళకింద పెట్టుకుని, టొంయ్‌మని మళ్ళీ పలక మీదకి ఎగిరొస్తాడు. అయితే ఒకటే స్ప్రింగు. మళ్ళీ పలక మీద కాలు ఆనేదాకా రెండోది లేదు.

హాల్లో గంతులయ్యతో ఆడేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందరూ ఆ స్ప్రింగుని తమకోసమే వాడుకునేవాళ్ళు. దాన్ని పక్కవాడి కాళ్ళకింద కూడా పెట్టొచ్చని కనిపెట్టింది వదిన. సోఫాలు చేసే మనిషి కదా. "స్ప్రింగుకి నీవాళ్ళూ నావాళ్ళూ ఉండరే. ఎవరు కూర్చుంటే వాళ్ళని లేపుతుంది" అని మరదలికి చెప్పింది. అప్పట్నుంచీ వాళ్ళ పద్ధతి అదే. వదిన పడితే వెనకే మరదలు దూకుతుంది. గాల్లో వదినని అందుకుని కాళ్ళకింద స్ప్రింగు పెడుతుంది. వదిన టొంయ్‌మని పైకి. గంతులయ్య చప్పుడు లేకుండా కిందకి. గంతులయ్య మూడు ప్రాణాలూ అలా అయిపోయేసరికి, పైన సుత్తి అవతలివాళ్ళిద్దరినీ ఊడ్చిపెట్టేసేది. పద్నాలుగు ఆటలు వరసగా గెలిచారు. "సుత్తి వదిన పడదురా, పడ్డా లేస్తుంది" అని హాలంతా చెప్పుకునేవాళ్ళు. మరదలికి వేరే పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. సుత్తి వదిన మరదలు, అంతే.

స్ప్రింగుని ఎడమకీ వంచి పెట్టొచ్చు, కుడికీ వంచి పెట్టొచ్చు. పైన శత్రువు ఏ అంచున కాచుకుని ఉన్నాడో చూసి, రెండో వైపుకి ఎగరాలి. ఎటు అన్నది వదిన చెప్పాలి. పక్క కుర్చీల్లోనే ఆడుతున్నవాళ్ళ చెవిన పడేలా ఎడమ, కుడి అని అరిస్తే, దొంగకి తాళంచెవి ఇచ్చినట్టే. అందుకని షాపు మాటలు తెచ్చుకున్నారు. వదినది ఎడమచేతి వాటం. వంకర సూది ఎడమచేత్తో గుచ్చి, దారం కుడిచేత్తో లాగుతుంది. కాబట్టి సూదంటే ఎడమ, దారమంటే కుడి.

ఈ ఆదివారం గెలిస్తే పెద్ద పోటీకి ఊరి తరఫున వెళ్ళే జంట వాళ్ళే. పన్నెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కూర్చునే చోట్లు బాగుచేస్తూ బతికిన వదినకి, ఒక్కసారి ఆ పెద్ద తెర ముందు తను కూర్చోవాలని ఉంది. పక్క కుర్చీలో మరదలు. వేరే ఎవరినీ ఆ కుర్చీలో ఊహించుకోనైనా లేదు. చదువు ఆగిపోయి, మొహం వేలాడేసుకుని ఇంట్లో మూలన కూర్చున్న పిల్లని చెయ్యిపట్టి షాపుకి తెచ్చింది తనే. స్ప్రింగు మోకాలికింద అదిమిపెట్టి, ఎనిమిది వైపులా పురికొసతో ముడివెయ్యడం నేర్పింది తనే. ఒక్క వైపు వదిలేసినా అది ఎగిరి మొహాన్నే కొడుతుందని చెప్పిందీ తనే.

ఆదివారం పొద్దున షాపు షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల ఇద్దరే.

"ఇవాళ మాట తిరగేద్దామే" అంది వదిన. "సూదంటే కుడి. దారమంటే ఎడమ."

మరదలు తలెత్తింది. "ఇప్పుడెందుకు వదినా? అలవాటైపోయిందిగా."

"బెంచీలకి చెవులుంటాయి. పద్నాలుగు ఆటలు విన్నవాడికి సూదేదో దారమేదో ఆమాత్రం తెలియదా?"

"నాకు తికమక అవుతుందేమో."

"నీకా? కళ్ళకి గంతలు కట్టినా ఎనిమిది ముళ్ళూ వేస్తావు. నీకు తికమకేంటి, చోద్యం కాకపోతే!"

మరదలు చేతిలోని దారం పళ్ళతో కొరికి తెంపింది. "సరేలే" అంది. కాసేపటికి, తలస్నానం చేసి నేరుగా హాలుకే వస్తానని ఇంటికి వెళ్ళింది.

వదిన ఉచ్చు పన్నింది మరదలికి కాదు. ఆ సంగతి తనకి తనే రెండుసార్లు చెప్పుకుంది. బేకరీవాళ్ళావిడ నోటికి పన్నింది. టైర్లవాళ్ళు బెంచీ మీద కూర్చుని పాత మాట పట్టుకుని ఉంటే, ఇవాళ సూది అనగానే ఎడమకి పరిగెత్తుతారు. బొక్కబోర్లా పడతారు. అప్పుడు నవ్వుకుంటూ బేకరీకి వెళ్ళి, "మీ పొయ్యి పొగ కాస్త తగ్గించుకోండమ్మా" అని చెప్పి రావచ్చు. ఒకవేళ వాళ్ళు కుడికి వెళితే? ఆ ఆలోచనని సగంలోనే తుంచేసింది.

హాలు కిక్కిరిసి ఉంది. కుర్చీలు చాలక కొందరు సైకిలు ట్యూబుల పెట్టెలు పైకి మోసుకొచ్చి కూర్చున్నారు. టైర్లక్క వేళ్ళకింకా గ్రీజు మరకలున్నాయి. పక్కన తమ్ముడు బబుల్‌గమ్ నములుతున్నాడు. మరదలు తడిజుట్టుతో వచ్చి తన కుర్చీలో కూర్చుంది. టైర్లక్క వైపు చూడలేదు. అస్సలు చూడలేదు. తెలిసినవాళ్ళనైనా ఓ చూపు చూస్తాం, తెలియనివాళ్ళనైనా చూస్తాం. అంత పనిగట్టుకుని చూడకుండా ఉండటం వదినకి ఎక్కడో గుచ్చుకుంది.

ఆట మొదలైంది. కాసేపు సుత్తిదే పైచేయి, అవతలివాళ్ళకి చెరో ప్రాణం పోయింది. తర్వాత తమ్ముడు కాళ్ళసందున దూరి ఒక్క తాపు తన్నాడు. వదిన బొమ్మ అంచు దాటింది. వెనకే గంతులయ్య దూకాడు.

"సూది!" అంది వదిన.

స్ప్రింగు కుడికి వంగి తెరుచుకుంది. అది తెరుచుకోకముందే టైర్లక్క బొమ్మ కుడి అంచున నిలబడి ఉంది. పిడికిలి ఎత్తి, రైలు కోసం ఎదురుచూస్తున్నంత నిదానంగా. వదిన ఎగిరి సరిగ్గా ఆ పిడికిలి మీదకే వెళ్ళింది. ఇద్దరికీ చెరో ప్రాణం పోయింది.

గాలివాటమేలే, అనుకుంది వదిన. ఎవరో ఒకరు ఏదో ఒక వైపు నిలబడాలి కదా.

రెండోసారి ఇద్దరూ పడ్డారు. ఈసారి పైన శత్రువులిద్దరూ కుడిపక్కనే ఉన్నారు. ఎడమంతా ఖాళీ.

"దారం!"

ఆ మాట నోట్లోంచి ఇంకా పూర్తిగా బయటపడనేలేదు, తమ్ముడి బొమ్మ గిరుక్కున తిరిగి ఎడమ అంచుకి పరిగెత్తింది. పాత మాట ప్రకారం దారమంటే కుడి. పాతది తెలిసినవాడు ఉన్నచోటే ఉండాలి. వీడు పరిగెత్తాడు. కొత్త మాట పుట్టింది ఇవాళ పొద్దున, సగమెత్తిన షట్టరు వెనక, రెండు నోళ్ళ మధ్య. అందులో ఒక నోరు తనది.

దెబ్బ తెరమీద పడింది.  ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తను పట్టింది. పట్టుకున్నాక ఆ దొంగని ఏం చెయ్యాలో ఏ సామెతా చెప్పలేదు.

పక్కకి చూసింది. మరదలు తెరనే చూస్తోంది. మెడమీద తడిజుట్టులోంచి ఒక నీటిబొట్టు దిగుతోంది. అది తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యడం లేదు.

ఇప్పుడు ఇద్దరికీ ఒక్కో ప్రాణమే మిగిలింది. అవతలివాళ్ళకి చెరి రెండు. వదిన వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. తమ్ముణ్ణి ఒకసారి చుక్కల్లోకి పంపింది. హాలు ఈలలేసింది. ఆ ఈలల్లోనే టైర్లక్క వెనకనుంచి తోసింది. సుత్తి గాల్లోకి, కొండంత మనిషి కిందకి. గంతులయ్య దూకాడు. అలవాటుగానే దూకాడు.

మాట చెప్పాలి. సూదో, దారమో. టైర్లక్క చెవులు రిక్కించి ఉందని వదినకి చూడకుండానే తెలుసు.

"నీ ఇష్టం" అంది, మరదలికి మాత్రమే వినబడేంత గొంతుతో.

మరదలు తల తిప్పింది. హాల్లోకొచ్చాక వాళ్ళిద్దరి కళ్ళూ కలవడం అదే మొదటిసారి. ఒక్క రెప్పపాటు. తర్వాత గంతులయ్య సంచీలోకి చెయ్యి పెట్టాడు, స్ప్రింగు తీశాడు, తన కాళ్ళకిందే పెట్టుకున్నాడు.

టొంయ్.

బక్క ముసలాడు పలకని దాటి, పైనున్న ఇద్దరి తలలనీ దాటి, తెర పై అంచుదాకా ఎగిరాడు. అంత ఎత్తు అతన్ని ఆ హాల్లో ఎవరూ చూసి ఉండలేదు. ఇటు వదిన బొమ్మ కిందకి, ఇంకా కిందకి, చుక్కంతై, ఆరిపోయింది. "ఎగిరిందిరోయ్!" అని వెనక ట్యూబుల పెట్టె మీంచి ఎవరో అరిచారు. పలక మీద గంతులయ్య ఒక్కడే ఇద్దరితో కాసేపు కలబడ్డాడు. తర్వాత వాడూ పోయాడు. టైర్లక్క చేతులెత్తి లేచి నిలబడింది. వదిన జాయ్‌స్టిక్కు తీగ నెమ్మదిగా చుట్టి బల్లమీద పెట్టింది. తీగ చుట్టడంలో ఒక్క మెలిక కూడా పడనివ్వలేదు.

షాపుదాకా ఇద్దరూ ఒకే రోడ్డున, పది అడుగుల దూరంలో నడిచారు. అత్త పీచు చేతుల్తోనే గుమ్మంలోకొచ్చింది. "ఏమైందే?" అని ఒకరి మొహం చూసింది, రెండోవాళ్ళ మొహం చూసింది, పక్కకి తప్పుకుని దారిచ్చింది.

వదిన కూర్చోలేదు. సగం కట్టిన సోఫా దగ్గరకెళ్ళి, ఒక స్ప్రింగు మోకాలితో అదిమింది. ముడి వెయ్యబోయి ఆగింది.

"మాట మార్చి రెండు గంటలైనా కాలేదే. తలస్నానానికని వెళ్ళి, ఊదేసి వచ్చావా?"

మరదలు గోడకి ఆనుకుంది. "టైర్లక్క తమ్ముడికి వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది. వచ్చేనెల వెళ్ళిపోతాడు. పెద్ద పోటీకి ఆవిడకి జంట కావాలి."

"జంటకి నువ్వే దొరికావా? ఇక్కడ నీకు జంట లేదా?"

"ఆవిడ నన్ను పైన ఆడమంది."

"పైన ఆడమందంట, పైన!" వదిన అత్త వైపు తిరిగింది. "విన్నారా అత్తయ్యా? మూలన కూర్చున్నదాన్ని తెచ్చి పని నేర్పింది నేను. ఆట నేర్పింది నేను. ఆ స్ప్రింగుని అలా వాడొచ్చని ఈ ఊరి మొత్తానికి చూపించింది నేను. ఊరంతా వచ్చి నీ గురించి చెప్పినా నమ్మలేదే! నీమీద నింద పడకూడదనే పొద్దున మాట మార్చాను. నువ్వు కాదని తేలాలనే మార్చాను. తెలుసా నీకు?"

"పోనీలే అమ్మా, చిన్నపిల్ల, ఏదో..." అంటూ అత్త కూతురి వైపు ఒక అడుగు వేసింది.

మరదలు తల్లిని చేత్తో ఆపింది. కళ్ళు తుడుచుకోలేదు, గొంతు పెంచలేదు.

"సూదీ దారమూ మార్చావు గానీ వదినా, పడేది నేను, లేచేది నువ్వు అన్నది పద్నాలుగు ఆటల్లో ఒక్కసారైనా మార్చావా?"