చింతామణి తొమ్మిదో నంబరు

లక్ష్మణప్పకు అనుమానం జబ్బు కాదు, వృత్తి. చింతామణి గూళ్ళ మార్కెట్టులో పట్టుగూళ్ళు కొని, తన షెడ్డులో దారం తీయించే మనిషి. రైతు తట్ట ముందు నిలబడితే పైన తెల్లగా మెరిసే గూళ్ళ వంక చూడనైనా చూడడు. మోచేయి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్నవాటిని పైకి లాగుతాడు. అడుగు సరుకు కూడా బాగుంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఇంత మంచి సరుకు శిడ్లఘట్ట పెద్ద మార్కెట్టుకు పోకుండా ఇక్కడికెందుకొచ్చిందని. ఆయన భార్య సుజాతమ్మ పెండ్లయిన కొత్తలో దీన్ని తెలివి అనుకుంది. తాను పాలు కాస్తుంటే వెనకొచ్చి నిలబడి గిన్నెలోకి తొంగి చూసే మొగుణ్ణి కొన్నాళ్ళు భరించాక ఆ మాట అనడం మానేసింది.

అట్లాంటి మనిషి ఇంటికి కొడుకు అమరేష్ ఒక అర్జెంటీనా ఆటగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజులవి. జిల్లా అయ్యాక ఆఫీసులు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు గానీ, జిల్లా ఫుట్‌బాల్ కప్పు మాత్రం ఎవరూ అడక్కుండానే వచ్చింది. చింతామణి తరఫున రేష్మె యువకర సంఘం, అంటే పట్టు యువకుల సంఘం, ఆడాలి. దాని అధ్యక్షుడు లక్ష్మణప్ప. ఆయన యువకుడై ఉండి చాలా కాలమైంది గానీ, సంఘం బంతులూ బూట్లూ ఉండేది ఆయన షెడ్డులోనే కాబట్టి ఆ పదవికి పోటీ లేదు. అమరేష్ బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు అక్కడి గ్రౌండులో ఆడేవాడు. అక్కడే కనిపించాడు రమీరో. గోవాలో ఆడిస్తానని పిలుచుకొచ్చిన ఏజెంటు ఫోను ఆపేసి మాయమైతే, ఏం చేయాలో తెలియక పొద్దున్నే గ్రౌండు చుట్టూ ఒంటరిగా పరుగెడుతున్నాడట. ముప్పైనాలుగేళ్ళు. నెత్తి మీద జుట్టు పలచబడింది, మోకాళ్ళ నిండా పాత కుట్లు.

“రెండు వందల పైన గోల్స్ కొట్టినాడు నాయనా, వాళ్ళ దేశంలో” అన్నాడు అమరేష్.

“అన్ని గోల్స్ కొట్టినోడు మన చింతామణికి ఎందుకొచ్చినాడురా?” అన్నాడు లక్ష్మణప్ప.

మరునాడు పొద్దున ఇంటి ముందు కుర్చీలు వేయించి కాఫీ తాగిస్తూ విచారణ మొదలుపెట్టాడు. రమీరోకు వచ్చింది అరకొర ఇంగ్లీషు. దాన్ని అమరేష్ తెలుగు చేస్తూ పోయాడు. పదిహేడో ఏట సొంత ఊళ్ళో, రైలుపట్టాల పక్క గ్రౌండులో, నాలుగో డివిజన్ జట్టుకు ఆడడం మొదలుపెట్టాడు రమీరో. మొదటి ఏడాదే అందరికన్నా ఎక్కువ గోల్స్ అతనివే. అక్కణ్ణించి మూడో డివిజన్. ఆ క్లబ్బు దివాలా తీసింది. ఇంకో ఊరు, మళ్ళీ నాలుగో డివిజన్. అక్కడ ప్రెసిడెంటు మారి తన వాళ్ళను తెచ్చుకున్నాడు. బొలీవియాలో కొండల మీద గాలి అందని ఊళ్ళో రెండేళ్ళు, గ్వాటెమాలాలో ఏడాది, మళ్ళీ స్వదేశం, మళ్ళీ మూడో డివిజన్. ఏ ఊళ్ళోనైనా గోల్స్ మాత్రం ఆగలేదు. ఒక్కసారి మొదటి డివిజన్ క్లబ్బు తీసుకుంది. సంవత్సరమంతా బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం అతని ముఖం చిన్నబోయింది. ఎంత చిన్న క్లబ్బైనా సరే, ఆడించే చోటికే పోతానని అప్పుడే అనుకున్నాడట.

“మరి పెద్ద క్లబ్బులోళ్ళు ఇంకెవురూ చూడనే లేదా?” అని పట్టుబట్టాడు లక్ష్మణప్ప.

చూశారు. రెండు మూడు సార్లు మనుషులొచ్చి ఆట చూసి, మెచ్చుకుని, వారంలో కబురు పెడతామని పోయారు. కబురు రాలేదు. ఎందుకు రాలేదంటే రమీరో భుజాలెగరేశాడు. తనకూ తెలియదన్నాడు.

లక్ష్మణప్పకు కావలసింది దొరికింది. మిగతావన్నీ పైసరుకు, అడుగున ఉన్నది ఇదీ. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఎందుకు పోతారు? ఇతనిలో వాళ్ళకేదో కనబడి ఉండాలి. ఆ మాట కొడుకుతో అన్నాడు. అమరేష్‌కు కోపమొచ్చింది. సుజాతమ్మ మాత్రం మధ్యాహ్నం భోజనాల దగ్గర రమీరో గిన్నెలో ఇంకో రాగిముద్ద వేసి, “ఈయనకు ఆయన నీడ మీద గూడా అనుమానమేలేప్పా, నువ్వు తిను” అంది. అతనికి ఆ మాట అర్థం కాలేదు, ముద్ద మాత్రం అర్థమైంది.

కప్పు మొదలైంది. మురుగమల్ల జట్టు మీద రమీరో రెండు గోల్స్ కొట్టాడు. చిక్కబళ్ళాపురంలో సెమీఫైనల్లో మూడు కొట్టాడు. అతను పెద్దగా పరుగెత్తేవాడు కాదు. బంతి ఎక్కడ పడబోతుందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు, బస్సు కోసం కాచుకున్నవాడిలాగా. ఊళ్ళో పిల్లకాయలందరికీ రమీరప్ప అయిపోయాడు. లక్ష్మణప్ప మార్కెట్టుకు పోతే రైతులు గూళ్ళ ధర వదిలేసి రమీరప్ప సంగతి అడిగేవాళ్ళు. ఆయనకు సంతోషం లేకపోలేదు. కానీ ప్రతి గోలుకూ ఆయన అనుమానం పెరిగేది. ఇంత బాగా ఆడేవాడు ఎక్కడో ఒకచోట ముంచుతాడని.

ఫైనల్ బాగేపల్లిలో, బాగేపల్లి జట్టుతోనే. ఆ వారంలోనే బెంగుళూరు నుంచి ఫోనొచ్చింది. చేసినవాడు రవీంద్ర, పై డివిజన్ క్లబ్బు ఒకదానికి ఆటగాళ్ళను ఎంచే మనిషి. సొంతూరు బాగేపల్లి పక్కనుండే పరగోడే కాబట్టి తెలుగులోనే మాట్లాడాడు. మీ తొమ్మిదో నంబరు చొక్కా ఆటగాణ్ణి చూడడానికి ఫైనలుకు వస్తానన్నాడు, నచ్చితే ఆ సాయంత్రమే మాట్లాడుకుందామన్నాడు. ఆ కబురు విని రమీరో అమరేష్‌ను ఎత్తి గిరగిరా తిప్పాడు. అతని వీసా ఆ నెలాఖరుకు అయిపోతుంది. క్లబ్బు చేర్చుకుంటే ఇంకో రెండేళ్ళు ఆట. లేకుంటే ఇంటికి పోవాలి, పోతే ఈ వయసులో మళ్ళీ ఎవరూ పిలవరు. ఈ సంగతి లక్ష్మణప్పకూ బాగా తెలుసు.

ఫైనలుకు ముందు గురువారం, చేలూరు మీదుగా బాగేపల్లికి పోయే బస్సు కండక్టరు కృష్ణప్ప షెడ్డు కాడికొచ్చి గొంతు తగ్గించాడు. మీ తెల్లాయన నిన్న నా బస్సులోనే బాగేపల్లికి పోయొచ్చినాడన్నాడు. పోతే పోయినాడు గానీ, అక్కడ వెంకటరాయప్పతో కలిసి టెంకాయ నీళ్ళు తాగుతుంటే కళ్ళారా చూశానన్నాడు. వెంకటరాయప్ప బాగేపల్లి జట్టు పెద్ద.

లక్ష్మణప్ప కాళ్ళ కింద నేల కదిలింది, అంతలోనే గట్టిపడింది కూడా. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది చేతికి తగిలినప్పుడు ఆయనకెప్పుడూ అట్లాగే ఉండేది. రమీరోను పిలిచి నిన్న యాడికి పోయినావని సైగలతో అడిగాడు. రమీరో దాచలేదు. “బాగేపల్లి. గ్రౌండ్” అని నేల చూపించాడు. వెంకటరాయప్ప పేరెత్తితే టెంకాయ తాగినట్టు అభినయించి నవ్వాడు. అమరేష్ ఊళ్ళో లేడు, అంతకు మించి మాట సాగలేదు. అబద్ధం చెప్పి ఉంటే లక్ష్మణప్ప ఒకవేళ సందేహంలోనైనా పడేవాడేమో. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఎంత ఆరితేరినవాడో అనుకున్నాడు.

ఆదివారం బాగేపల్లి గ్రౌండు చుట్టూ జనం కిటకిటలాడుతున్నారు. రెండు గోలు స్తంభాల దగ్గరా కోసిన నిమ్మకాయలు, పగిలిన గుమ్మడికాయ ముక్కలు, కుంకుమ. ఆట మొదలయ్యే ముందు లక్ష్మణప్ప జట్టును పిలిచి, రమీరో బెంచీ మీద కూర్చుంటాడని చెప్పాడు. అమరేష్ తండ్రి చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు. కారణం విని నెత్తి కొట్టుకున్నాడు. ఆ బెంగుళూరు మనిషి వచ్చింది ఈయన కోసమే కదా అని బతిమాలాడు. లక్ష్మణప్ప కదల్లేదు. రమీరో బూట్ల తాళ్ళు కట్టుకున్నవాడు కట్టుకున్నట్టే బెంచీ చివర కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆట చూశాడు.

మొదటి సగంలో బాగేపల్లి ఒక గోలు కొట్టింది. రవీంద్ర లేచొచ్చి లక్ష్మణప్ప పక్కన నిలబడ్డాడు. నేను చూడాలని వచ్చినాయన బెంచీ మీదెందుకున్నాడు, దెబ్బ తగిలిందా అని అడిగాడు. తగిలిందని ఒక్క మాట అంటే సరిపోయేది. లక్ష్మణప్ప అట్లా అనలేదు. తోటి వ్యాపారి మోసపోతుంటే చూస్తూ ఊరుకోకూడదని అనిపించింది ఆయనకు. తాను మంచే చేస్తున్నాననుకున్నాడు పాపం.

“వాణ్ణి నమ్మొద్దప్పా. అమ్ముడుపోయినోడు. ఈ ఆటే వాళ్ళకు అమ్మేసినాడు” అన్నాడు.

రవీంద్ర బెంచీ వైపు ఒకసారి చూశాడు. చెప్పినందుకు నమస్కారం పెట్టి, హాఫ్‌టైమ్ విజిల్ ఊదకముందే కారెక్కి బెంగుళూరు దారి పట్టాడు.

ఆ దుమ్ము ఇంకా అణగకముందే వెంకటరాయప్ప ఎర్రబడిన ముఖంతో వచ్చాడు. వెనక అతని మనుషులు.

“ఏమప్పా లక్ష్మణప్పా, ఆడితే సరిగ్గా ఆడాల. ఇట్లాంటి పనులు చేస్తారా? మీ తెల్లాయన మొన్న వచ్చి చెప్పులు ఇడిచి మా గ్రౌండంతా కాళ్ళతో తొక్కినాడు. గోలు కాడ మట్టి పిడికిట్లోకి తీసి నలిపినాడు. ఏం మంత్రమేస్తాండాడో కనుక్కుందామని టెంకాయ నీళ్ళు గూడా తాపించినా. నవ్వినాడే గానీ నోరిప్పలే. అందుకే మేము నిమ్మకాయలు కోపించినాం. ఇప్పుడు వాణ్ణి ఆడించకుండా కూర్చోబెట్టినారంటే ఇంకేదో పెద్దదే దాచిపెట్టినారు. ఏందది, చెప్పు.”

లక్ష్మణప్ప గోలు స్తంభాల దగ్గరి గుమ్మడికాయ ముక్కల వైపు చూశాడు. డబ్బిచ్చి కొన్నవాడికి విరుగుడుగా గుమ్మడికాయ ఎవరు కొడతారు?

హాఫ్‌టైమ్ కాగానే అమరేష్ పోయి రమీరోను అడిగాడు. అతను ఆశ్చర్యపోతూ చెప్పాడు. కింది డివిజన్లలో ఏ రెండు గ్రౌండులూ ఒక్కలాగా ఉండవు. ఒకచోట గుంత, ఒకచోట రాయి, ఒకచోట ఇసుక. అందుకే ఏ ఊళ్ళో ఆడినా ముందు పోయి వట్టి కాళ్ళతో గ్రౌండంతా నడిచి చూసుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ దక్షిణం వైపు గోలు ముందు పాత గుంత ఒకటి పూడ్చారనీ, అక్కడ పడ్డ బంతి ఎగరదనీ చెప్పాడు. టెంకాయ ఇచ్చినాయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి నవ్వి ఊరుకున్నాడట.

లక్ష్మణప్ప పోయి రమీరో భుజం పట్టుకుని లేపాడు. చేత్తో గ్రౌండు చూపించాడు.

రెండో సగంలో రమీరో ఆ మెత్తటి చోటు దగ్గరే తచ్చాడాడు. ఎగురుతుందని బాగేపల్లి వాళ్ళు తలలెత్తి కాచుకున్న బంతి ఎగరకుండా అతని కాలి ముందు ఆగింది. ఒకటి. కొసలో అమరేష్ పంపిన బంతి మరొకటి. చింతామణి గెలిచింది. జనం రమీరోను భుజాల మీదికెత్తారు. బాగేపల్లి వాళ్ళు మాత్రం మంత్రం ఇప్పుడు పారిందని ఒకరికొకరు చెప్పుకున్నారు. రమీరో జనం భుజాల మీద నుంచే ఎవరి కోసమో వెతుకుతున్నాడు. దిగగానే అమరేష్‌ను అడిగిన మొదటి మాట, బెంగుళూరాయన ఎక్కడ కూర్చున్నాడని.

లక్ష్మణప్ప ఫోను తీసుకుని జనానికి దూరంగా పోయాడు. రవీంద్ర నంబరు నొక్కాడు. తప్పు నాదేనన్నాడు, వాడు నిజమైన ఆటగాడన్నాడు, రెండు గోల్స్ కొట్టి గెలిపించాడన్నాడు, వెనక్కి రమ్మని బతిమాలాడు. 

“గంట కిందట అమ్ముడుపోయినోడంటివి, ఇప్పుడు బంగారమంటాండావు” అన్నాడు రవీంద్ర తాపీగా. “వాణ్ణి నాకు అంటగడితే నీకేమొస్తాదప్పా?”

నాకేమీ రాదన్నాడు లక్ష్మణప్ప. ఒట్టు పెట్టాడు. ఎంత గట్టిగా చెబితే తన మాట తనకే అంత దొంగమాటలాగా వినబడింది. నిజం చెప్పే రైతులు కూడా తన ముందు ఇట్లాగే గొంతు పెంచేవాళ్ళని, ఆ గొంతు విని తాను ధర తగ్గించేవాణ్ణని ఆయనకు తెలుసు. రవీంద్ర ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బస్సు దగ్గర రమీరో కాచుకుని ఉన్నాడు. నువ్వు చెప్పరా అని కొడుకు వంక చూశాడు లక్ష్మణప్ప.

“నేను చెప్పను నాయనా. చేసినోడివి నువ్వు, నువ్వే చెప్పు.”

లక్ష్మణప్ప తెలుగులోనే చెప్పాడు. నువ్వు అమ్ముడుపోయినావని ఆయనకు నేనే చెప్పినానన్నాడు. రమీరోకు ఆ మాటలు ఒక్కటీ తెలియవు. కానీ లక్ష్మణప్ప ముఖం చూస్తూ నిలబడ్డాడు, అతని కళ్ళలో సంతోషం మెల్లగా ఆరిపోయింది. అమరేష్ ఆ మాటలను ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేశాక, అతని వైపు తిరిగి ఏదో అన్నాడు. అమరేష్ తల దించుకున్నాడు.

“ఏమంటాండాడురా?”

“పెద్ద క్లబ్బులోళ్ళు ఎందుకు తీసుకోలేదని నువ్వు అడిగినావు గదా. యాడకు పోయినా ఎవురో ఒకరు వాళ్ళ చెవిలో ఏదో ఊదేటోళ్ళేమోనని అనుకునేటోడంట. వాళ్ళెవురో ఈయనకు ఏ పొద్దూ తెలీలేదంట.” అమరేష్ తండ్రి ముఖంలోకి చూశాడు. “ఇప్పుడు ఒకరి పేరు తెలిసిందంటాండాడు.”

బస్సు కదిలింది. కుర్రాళ్ళు కప్పు నెత్తిన పెట్టుకుని పాటలు పాడారు. రమీరో కిటికీ పక్కన కూర్చున్నాడు. అతని పక్క సీటు ఖాళీగానే ఉంది. కూర్చోండప్పా అని ఎవరెన్నిసార్లు చెప్పినా లక్ష్మణప్ప కూర్చోలేదు. పైనున్న కమ్మీ పట్టుకుని, చేలూరు దాటి చింతామణి చేరేదాకా నిలబడే ఉన్నాడు.